కుందేళ్ళ ఇంట్లో తుమ్ముల మనిషి

రేడియోలో మాట్లాడేవానికి రెండు భయాలు ఉంటాయి. చేతిలోని కాగితాలు తారుమారు కావడం ఒకటి. ఎర్రదీపం వెలిగిన తర్వాత తుమ్ము రావడం రెండవది. మొదటిదానికి పుటసంఖ్యలు వేసుకుంటే చాలును. రెండవదాని కోసం మా బల్లమీద ఒక మీట ఉన్నది. దానిని దగ్గు మీట అంటాము. దానిని నొక్కినంతసేపు మైక్రోఫోను చెవిటిదై పోతుంది. గత మూడేళ్ళుగా మాఘ ఫాల్గుణ మాసాలలో నా ఎడమచేయి ఆ మీటను వదలినది లేదు. గొంతును నమ్ముకొని ఇరవై ఏళ్ళుగా బ్రతుకుతున్న మనిషికి ముక్కు ఎదురుతిరగడం ఎంత సంకటమో శ్రోతలు ఊహించగలరు.

తుమ్మును గురించి మనవారికి ఒక శాస్త్రమే ఉన్నది. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చొని, మంచినీళ్ళు త్రాగి మరీ లేవాలి. పసివాడు తుమ్మితే ‘నూరేళ్ళు’ అని దీవించాలి. ఈ రెండు ఆచారాలనూ మా ఇంట్లో అక్షరాలా పాటించి ఉంటే, తెల్లవారి ఆరు మొదలు ఏడున్నర దాకా ఎవరూ గడప దాటేవారు కారు. నా ఆయుర్దాయం ఈపాటికి కొన్ని వేల ఏళ్ళు దాటి ఉండేది. ముప్ఫై తుమ్ములకు తక్కువ లేకుండా వచ్చేవి. వాటి వెంట కండ్లు నీరు కారడం, అంగిలి దురద, ముక్కుదిబ్బడ. జ్వరం మాత్రం లేదు. పడిశమైతే వారంలో పోవాలి గదా! ఇది నెలలు గడచినా పోలేదు.

మా ఇల్లు నెల్లూరు నుండి మైపాడు పోయే దారిలో ఉన్నది. పడమటివైపు పెన్న కాలువల క్రింద సాగయ్యే వరి మడులు. తూర్పున ఇసుకనేలలో సరుగుడు తోటలు. వాటికి ఆవల సముద్రం. అటువంటి గాలిలో ఉంటూ రోగమేమిటని బంధువులు ఆశ్చర్యపడేవారు. ఆ గాలిలోనే రోగం ఉన్నదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టినది. దానికి ముందు అపవాదు వేరొకరిమీద పడినది.

మూడేళ్ళ క్రితం మా అమ్మాయికి పదో ఏడు వచ్చినప్పుడు వాళ్ళ మేనమామ కావలి నుండి ఒక మామిడిపండ్ల బుట్టలో రెండు కుందేలు పిల్లలను తెచ్చి ఇచ్చినాడు. ఒకటి తెల్లది, రెండవది బూడిదవన్నెది. మా అమ్మకు అవి కుందేళ్ళు కావు, చెవులపిల్లులు. మన వైపు పెద్దలందరూ ఆ మాటే అంటారు. ఆ మాట నిజానికి తుమ్మపొదలలో తిరిగే అడవి జాతికి చెల్లుతుంది. ఆ జాతికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చినది. దానిని పట్టి ఇంట్లో పెంచడం నేరం. ఇండ్లలో పెంచేవి ఐరోపా జాతి సంతతి. వీటి పెంపకానికి నిషేధం లేదు.

కుందేలుకు ముద్దూ మురిపెమూ మాత్రమే చాలవు, గడ్డి కావాలి. ఇది చాలామందికి తెలియని సంగతి. బొమ్మలలో చూచి క్యారెట్టు పెడితే సరిపోతుందని అనుకుంటారు. కుందేలు పండ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పండ్లు సంవత్సరంలో పది పన్నెండు సెంటీమీటర్ల మేర పెరుగుతాయి. గరుకైన గడ్డిని నమలి నమలి అరగదీసుకోకపోతే అవి వంకరపోయి నోరు మూయనివ్వవు. పీచు లేని మేత తింటే ప్రేగులు కదలడం మానివేస్తాయి, ఒకటి రెండు రోజులలో ప్రాణం మీదికి వస్తుంది. సీమపందులని కొందరు పెంచే గినీ పిగ్గులకూ ఇదే ధర్మం; పైగా వాటికి మనకువలెనే సి విటమిను బయటినుండి అందాలి. కాబట్టి ‘నీకు గడ్డి పడదు గనుక గడ్డి మాన్పించి మరేదైనా పెట్టు’ అనే సలహాకు అర్థం లేదు. కుందేలు ఉన్న ఇంట్లో గడ్డి ఉండి తీరుతుంది.

మొదటి ఏడు సంక్రాంతి వెళ్ళేసరికి నా తుమ్ములు రెట్టింపైనవి. ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పినారు. “ఆ చెవులపిల్లుల బొచ్చు నీ ముక్కులో పడిందిరా అబ్బయా, వాటిని తోలేస్తే నీ జబ్బు పోద్ది” అని మా అమ్మ. వంటింటి గడపలో నిలబడి మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంలోనే చాలా ఉన్నది. మందుల అంగడిలో ఒకాయన ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తుమ్ములు తగ్గినవి గాని, నిద్ర ముంచుకొచ్చేది. ఒకనాటి ఉదయం కార్యక్రమాల ప్రకటన చదువుతూ నడుమ ఒక్క క్షణం నిజంగా కన్ను మూతపడినది. ఎదుటి అద్దం వెనుక ఉన్న ఇంజనీరు చేతులు ఊపి లేపినాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఆదివారం నాడు కుందేళ్ళను కావలికి పంపించివేద్దామని చెప్పినాను.

అమ్మాయి ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులభమయ్యేది. “ఒక నెల ఆగు నాయనా” అని మాత్రం అన్నది. మరునాటి నుండి పాత నోటుపుస్తకంలో గీతలు గీసుకొని ఏదో వ్రాయసాగినది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ రోగం కథ కొంత చెప్పవలసి ఉన్నది.

ఇంగ్లీషులో దీనికి ‘హే ఫీవర్’ అని పేరు. హే అంటే ఎండుగడ్డి. ఫీవర్ అంటే జ్వరం. గడ్డిజ్వరమన్న మాట. ఇది జ్వరమూ కాదు, దీనికి ఎండుగడ్డి ఒక్కటే కారణమూ కాదు. జాన్ బోస్టాక్ అనే వైద్యుడు 1819లో లండనులోని వైద్యుల సభకు ఒక రోగి వృత్తాంతం నివేదించినాడు. ఆ రోగి ఎనిమిదో ఏట నుండి ప్రతి వేసవి మొదటిలో కండ్ల మంటతో, తుమ్ములతో, ఆయాసంతో బాధపడుతున్నాడు. రోగి ఎవరో కాదు, బోస్టాకే. తొమ్మిదేళ్ళు వెదకి 1828 నాటికి మరి ఇరవై ఎనిమిది మందిని మాత్రమే ఆయన పోగుచేయగలిగినాడు. ఎండ వేడిమి వల్ల వస్తుందని ఆయన నమ్మకం. కోసిన గడ్డి వాసన వల్ల వస్తుందని సామాన్యుల నమ్మకం. పేరు మాత్రం సామాన్యులు పెట్టినదే నిలిచినది.

అసలు దొంగను పట్టినవాడు మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్‌లే. ఆయనకూ ఈ రోగమే. గడ్డిజాతుల పుప్పొడిని ముక్కులో పీల్చి చూచుకున్నాడు. చేతిమీద చర్మం గీకి దానిపై రుద్దుకొని దద్దురు లేవడం గమనించినాడు. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటాలకు కట్టి ఎత్తుకు పంపి, ఎక్కడ ఎంత పుప్పొడి తిరుగుతున్నదో సూక్ష్మదర్శినితో లెక్కపెట్టినాడు. 1873లో అదంతా పుస్తకంగా అచ్చు వేసినాడు. తన ముక్కునే ప్రయోగశాలగా చేసుకొన్న ఈ పెద్దమనిషిని తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మ్రొక్కబుద్ధి అవుతుంది. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే ఈ తరహా వికటించడానికంతటికీ ‘ఎలర్జీ’ అని పేరు పెట్టినాడు. మనకు ఆ మాట కొత్త గాని భావం కొత్త కాదు. ‘నాకు వంకాయ పడదు’, ‘ఆయనకు ఆ ఊరి నీళ్ళు పడలేదు’ అంటూనే ఉన్నాము గదా! పడకపోవడమే ఎలర్జీ. శరీరానికి హాని చేయని పుప్పొడి రేణువును శత్రువుగా పొరబడి, దానిమీదికి సేనను నడిపిస్తుంది మన రక్షణవ్యవస్థ. ఆ యుద్ధంలో విడుదలయ్యే హిస్టమిన్ అనే పదార్థమే దురదకూ, నీరు కారడానికీ మూలం. దానిని అడ్డగించే మొట్టమొదటి మందును 1937లో డేనియల్ బోవే కనిపెట్టినాడు. ఇరవై ఏళ్ళకు, 1957లో, ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. నన్ను మైక్రోఫోను ముందు నిద్రపుచ్చిన మాత్ర ఆ వంశానికి చెందినదే. నిద్ర అంతగా రాని రకాలు తర్వాత వచ్చినవి. వైద్యుని అడిగి ఉంటే నాకు ముందే తెలిసి ఉండేది.

ఇంగ్లండులో పుప్పొడి ఋతువు వేసవి. మన నెల్లూరు తీరంలో ఏడాది పొడవునా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. పొలం గట్ల మీద, కాలిబాటల పక్కన గరిక ఉన్నది. వినాయకునికి ప్రీతిపాత్రమైన ఆ గరికే ప్రపంచంలోని ఉష్ణదేశాలన్నిటిలోనూ తుమ్ములకు పెద్ద కారణాలలో ఒకటి. దాని కంకి మూడు నాలుగు వ్రేళ్ళు చాచినట్లు ఉంటుంది. ఉదయం పూట దానిని వ్రేలితో తడితే పొడి లేచేది కంటికి కనిపిస్తుంది. వరిపూత కూడా పుప్పొడి విడుస్తుంది గాని, వరి ఎక్కువగా తన కంకిలో తానే ఫలదీకరణం చెందే పైరు. పూత విచ్చేది కూడా ప్రొద్దున ఒకటి రెండు గంటలసేపే. కనుక మడి గట్టున నిలబడిన వానికి తప్ప దూరాన ఉన్నవానికి దానివల్ల బాధ తక్కువ. సరుగుడు చెట్టు సంగతి వేరు. దాని పుప్పొడిని మోసేది తేనెటీగ కాదు, గాలి. మాఘం నుండి చైత్రం దాకా ఒకసారి, భాద్రపద ఆశ్వయుజాలలో మరొకసారి పూస్తుంది. సర్కారు తుమ్మ సరేసరి. పరదేశపు మొక్క అది. 1877లో విత్తనాలు తెప్పించి మన కడప ప్రాంతంలోనే నాటినారు. ఇప్పుడు చెరువుగట్లనుండి బకింగ్‌హాం కాలువ ఒడ్డు దాకా దానిదే రాజ్యం. 1950ల నడుమ పూనా దగ్గర కనబడిన వయ్యారిభామ కొద్దికాలంలోనే దేశమంతా పాకినది. ఆ మొక్క ముక్కునే కాక చర్మాన్ని కూడా పీడిస్తుంది. ఇవి గాక ముళ్ళతోటకూర, ఆముదం కూడా ఉన్నవి.

మధ్యాహ్నం తర్వాత మైపాడు ఇసుకమీద నిలబడితే నాకు ప్రాణం లేచి వచ్చేది. సముద్రం మీదినుండి వీచే గాలిలో పుప్పొడి ఉండదు గదా అని సంతోషించేవాడిని. బోస్టాకు కూడా సముద్రతీరానికి పోయి కొంత నెమ్మది పొందినాడట. కాని అదే గాలి సరుగుడు తోట దాటి మా ఇంటికి వచ్చేసరికి ఖాళీ చేతులతో రాదు. తోటకు తూర్పున ఉన్నవానికి అమృతం, పడమట ఉన్నవానికి తుమ్ము! తెల్లవారుజామున గాలి నేలమీదినుండి సముద్రం వైపు మళ్ళుతుంది. అప్పుడు పొలాల పుప్పొడి, కళ్ళాల దుమ్ము వస్తాయి. నా తుమ్ములు ఉదయాన ఎక్కువ కావడానికి గల కారణాలలో ఇదొకటి.

ఇక కళ్ళాల దుమ్ము. ఇంగ్లీషువాడు హే అనేది ఆకుపచ్చగా ఉన్నప్పుడే కోసి ఎండబెట్టిన గడ్డి. మన ఇండ్లలో వామి వేసేది వరిగడ్డి; గింజ రాలిన తర్వాతి ఎండుమోడు. దానిలో పుప్పొడి కొంతే. దాని పాపం వేరు. మొలకొలుకుల వంటి పొడుగు గడ్డి అయినా, ఇప్పటి పొట్టి రకాల గడ్డి అయినా, తడి ఆరకముందే వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. అడుగు గడ్డి లాగినప్పుడు లేచే బూడిదవన్నె పొగ అంతా బూజు బీజాలు, కంటికి కనిపించని పురుగుల మలం. కొందరికి అది తుమ్ములతో పోదు. బూజుగడ్డి విదిలించిన నాలుగైదు గంటలకు చలిజ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి; మరునాటికి తగ్గుతాయి; మళ్ళీ గడ్డి పట్టుకుంటే మళ్ళీ వస్తాయి. 1932లో కాంప్‌బెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనిని వర్ణించినాడు. రైతు ఊపిరితిత్తి జబ్బు అనే పేరు స్థిరపడినది. అది హే ఫీవరు కంటె ప్రమాదకరమైనది. ఏళ్ళ తరబడి సాగితే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. మా చిన్నతనంలో వామి నుండి గడ్డి పీకే పెద్దాయన తుండుగుడ్డను ముక్కు నోరు కప్పి వెనుక ముడివేసుకొని గాని చేయి పెట్టేవాడు కాదు. మాకు అది వేషంలా కనిపించి నవ్వేవాళ్ళం. ఆ నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇక అమ్మాయి నోటుపుస్తకం. నెల తిరిగిన తర్వాత దానిని నా ముందు పెట్టినది. ఎడమవైపు తేదీ, ప్రక్కన ఆనాటి ఉదయం నేను తుమ్మిన తుమ్ముల లెక్క, ఆ ప్రక్క కుందేళ్ళకు ముందునాటి సాయంత్రం ఏ మేత వేసినదీ, ఎవరు తెచ్చినదీ. కుందేళ్ళు ముప్ఫై రోజులూ ఇంట్లోనే ఉన్నవి. తుమ్ములు మాత్రం ఒకే విధంగా లేవు. అవిసె రొట్ట, పిల్లిపెసర రొట్ట వేసిన దినాల్లో పది లోపే. కాలువగట్టు గరిక కంకులతో సహా తెచ్చి వసారాలో విప్పిన దినాల మరునాడు నలభై దాకా. ఎదురింటివారి వామి అడుగు గడ్డిని పెట్టెలో పరిచిన మూడు దినాలూ నలభైకి పైనే. వాటిలో ఒకనాడు నాకు పిల్లికూతలు కూడా వచ్చినవని ప్రక్కన వ్రాసి ఉన్నది. “వాటి తప్పు కాదు నాయనా, వాటి బువ్వ తప్పు” అన్నది.

నేను ఆ పుస్తకం పుచ్చుకొని నెల్లూరులో ఒక వైద్యుని దగ్గరికి పోయినాను. ఆయన రెండు పుటలు తిరగేసి, ‘ఇది వ్రాసినవారిని నా దగ్గర ఉద్యోగంలో పెట్టుకుంటాను’ అన్నాడు. మాత్రలు కొన్ని రోజులు మాన్పించి, అప్పుడు చేతిమీద చర్మపరీక్ష చేసినాడు. బ్లాక్‌లే తన చేతిమీద చేసుకొన్నదానికి ఇది మునిమనుమరాలు. గరిక దగ్గర రూపాయంత దద్దురు లేచినది. ఇంటిదుమ్ము పురుగుకు దానికంటె చిన్నది. కుందేలు వెంట్రుకకు ఉన్నదా లేదా అన్నంత. అమ్మాయి వాదం తొంభైపాళ్ళు గెలిచినది. మిగతా పది పాళ్ళు కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. కుందేలు పడనివారు ఉన్నారు. వారికి పడనిది బొచ్చు కాదు, దాని ఎంగిలిలోనూ చర్మపు పొట్టులోనూ ఉండే మాంసకృత్తులు. అది తనను తాను నాకి శుభ్రం చేసుకుంటుంది గనుక ఆ ఎంగిలి బొచ్చుకు పట్టి ఎండి గాలిలో తేలుతుంది. గినీ పిగ్గుల మూత్రంలో కూడా ఆ గుణం ఉన్నది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. అనుమానం వచ్చినవారు జంతువును వారంపాటు చుట్టాలింటికి పంపి, తుమ్ములు తగ్గలేదు గనుక అది నిర్దోషి అంటారు. ఆ పరీక్ష చెల్లదు. జంతువు పోయినా దాని పొట్టు పరుపులలోనూ గోడలకూ అంటుకొని నెలల తరబడి ఉండవచ్చును. గడ్డి అలా కాదు. ఇవాళ తీసివేస్తే రేపటికి తేడా తెలుస్తుంది. కాబట్టి మార్చి చూడవలసినది ముందు గడ్డిని.

మేము చేసిన మార్పులు ఏమంత గొప్పవి కావు. పెట్టె పడకగది కిటికీ క్రిందినుండి పెరటివైపు వసారాకు మారినది. నెల్లూరు ఎండలు కుందేలుకు గడ్డికంటె పెద్ద శత్రువు; నాలుగు వైపులా గాలి ఆడే చోటు, పైన తడిపిన గోనెపట్ట వాటికి కావలసినవి. నా ముక్కుకు కావలసినది కూడా గాలి ఆడే చోటే. ఈ ఒక్క విషయంలో వాటికీ నాకూ పేచీ లేకపోయినది. గరికను కంకి వేయకముందు, లేతగా కోసి, పెరట్లోనే ఎండబెట్టి, గోనెసంచిలో కట్టి బయటి కొట్టంలో పెడుతున్నాము. కంకి వేసిన గడ్డి ఇంట్లోకి రాదు. గడ్డి వేసేముందు గాలికి దిగువన నిలబడకుండా విదిలించి, కొద్దిగా నీళ్ళు చిలకరించి పెడతారు, దుమ్ము లేవదు. ఆ తడిగడ్డిని పూట దాటనీయరాదు, పులిసి బూజు పడుతుంది. బూజువాసన వచ్చిన గడ్డి కుందేలుకే మంచిది కాదు, ఇంక మనిషి మాట ఏమిటి? సుబాబుల్ రొట్ట చౌకగా దొరుకుతుంది గాని అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉన్నది. కొంచెం కొంచెంగానే మంచిది. అవిసె రొట్ట రోజూ గడ్డికి తోడుగా వేస్తున్నాము. తోడుగానే, గడ్డికి మారుగా కాదు.

గడ్డి పని నాది కాదు, అమ్మాయిది, తను లేనప్పుడు మా ఆవిడది. వాళ్ళు కూడా గుడ్డ కట్టుకొనే చేస్తారు. చేసిన తర్వాత ఆ బట్టలతో పడకగదిలోకి రారు. నేను కుందేలును ఎత్తుకుంటే చేతులు కడుక్కొనేదాకా కంట్లో వ్రేలు పెట్టను. ఇది చెప్పినంత సులభం కాదు, దురద పుట్టేది అప్పుడే. ఉతికిన బట్టలు ఉదయం పూట బయట ఆరవేయడం మానినాము. రాత్రి పడుకోబోయే ముందు ఉప్పునీటితో ముక్కు కడుగుతాను. యోగాభ్యాసం చేసేవారు జలనేతి అనేది ఇదే. గ్లాసుడు నీటికి అర టీచెంచాడు ఉప్పు. ఆ నీళ్ళు కాచి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్ళు, బావినీళ్ళు తిన్నగా ముక్కులోకి పోయరాదు. మెదడుకు ప్రాకి ప్రాణం తీసే సూక్ష్మజీవి ఒకటి అరుదుగానైనా అటువంటి నీటిలో ఉంటుంది.

వైద్యుడు ముక్కులో కొట్టుకొనే మందు వ్రాసి ఇచ్చినాడు. అది తిన్న వెంటనే పనిచేసే మాత్రవంటిది కాదు. ఋతువుకు రెండు వారాలు ముందు మొదలుపెట్టి రోజూ వాడితేనే గుణమిస్తుంది. రెండు దినాలు వాడి ‘లాభం లేదు’ అని అవతల పారవేసేవారే ఎక్కువ. దీనికి భిన్నంగా, అంగళ్ళలో అడిగిన వెంటనే ఇచ్చే దిబ్బడ చుక్కలు నిమిషంలో ముక్కు తెరుస్తాయి. వాటిని నాలుగైదు రోజులకు మించి వాడితే ముక్కు వాటికి బానిసై, అవి లేకపోతే తెరుచుకోదు. నేను ఆ ఊబిలో నెలన్నర ఉండి బయటపడినాను. పడనిదానిని కొద్దికొద్దిగా శరీరానికి అలవాటు చేసే చికిత్స కూడా ఉన్నది. 1911లో లండనులో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఆ దారి తీసినాడు. మూడు నుండి అయిదేళ్ళు పడుతుంది. నిపుణుని పర్యవేక్షణలో తప్ప చేయించుకోరాదు. నేను ఇంకా ఆలోచనలోనే ఉన్నాను.

మన తీరంలో ఉన్నవారికి ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. దగ్గు, పిల్లికూతలు ప్రతిదీ గడ్డి వల్లనే అనుకోరాదు. 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే ఇద్దరు వైద్యులు ఒక విచిత్రం ప్రకటించినారు. క్షయ అని వచ్చిన రోగులలో కొందరికి క్షయ లేదు. వారి రక్తంలో ఇయోసినోఫిల్ అనే కణాలు విపరీతంగా ఉన్నవి. రాత్రిపూట దగ్గు, ఆయాసం. 1943లో వైన్‌గార్టెన్ దానికి ‘ట్రాపికల్ ఇయోసినోఫిలియా’ అని పేరు పెట్టినాడు. బోదకాలు పురుగుకు శరీరం చూపే వికృతమైన ఎదురుదాడి అది అని తర్వాత తేలినది. దానిని కుదిర్చే డైఇథైల్ కార్బమజీన్ అనే మందు వెలువడినది 1947లో, అమెరికాలోని లెడర్లీ సంస్థలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన. రోగాన్ని గుర్తించినది మదనపల్లె దగ్గర, మందు వచ్చినది భీమవరం బిడ్డ చేతిమీదుగా! దోమలున్న తీరప్రాంతంలో రాత్రి దగ్గు విడవని మనిషి కుందేళ్ళను తిట్టుకుంటూ కూర్చోక ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

కుందేళ్ళను వదలుకోవలసిన సందర్భం ఉండదా అంటే, ఉంటుంది. అవి దగ్గరికి వస్తేనే ఊపిరి ఆడనివారు, ఉబ్బసం తరచు ఆసుపత్రికి తెచ్చేవారు, ముఖ్యంగా చిన్నపిల్లలు అయితే వాటిని వేరొక ఇంటికి ఇవ్వక తప్పదు. ఇవ్వడమంటే తోటలో వదలివేయడం కాదు. బుట్టలో పెరిగిన కుందేలు సరుగుడు తోటలో ఒక్క రాత్రి బ్రతకదు. కుక్కలు ఉండనే ఉన్నవి. గడ్డి పడకపోయినా గడ్డిలోనే బ్రతకవలసిన వారు మరొకరు ఉన్నారు. పాలకోసం గేదెను కట్టుకున్న ఇల్లాలు, ఎండలో కట్టలు ఎత్తే కూలి. కోతయంత్రాలు, గడ్డిని చుట్టలు చుట్టే యంత్రాలు వచ్చి కళ్ళాలలో మనుషులు తగ్గినారు గాని దుమ్ము తగ్గలేదు. నాకు పెట్టెను పెరట్లోకి మార్చే వీలున్నది. వారు కొట్టాన్ని ఎక్కడికి మారుస్తారు? కనీసం గుడ్డ కట్టుకోవడం, వామిని బాగా ఎండిన తర్వాత వేయడం, అడుగుగడ్డిని తడిపి పీకడం వారి చేతిలో ఉన్నవి. పని చేసిన రాత్రి చలిజ్వరం వస్తే దానిని ఎండదెబ్బ అనుకోకుండా, గడ్డి పట్టిన సంగతి వైద్యునికి చెప్పాలి. ఆయన అడగకపోయినా చెప్పాలి.

ఈ ఏడు మాఘమాసంలో నా లెక్క ఉదయానికి పన్నెండు. సున్నా కాలేదు, అవుతుందని ఎవరూ చెప్పలేదు. ఎడమచేయి ఇంకా దగ్గు మీట మీదనే ఉన్నది గాని ఇదివరకటంత గట్టిగా కాదు. మా అమ్మ మాత్రం తీర్పు మార్చుకోలేదు. బూడిదవన్నె కుందేలుకు తన చేతితో అవిసె ఆకు అందిస్తూనే, నా జబ్బంతా దాని బొచ్చువల్లనే వచ్చినదని దానికే చెబుతూ ఉంటుంది. నిన్న సాయంత్రం నేను ఇంటికి పోయేసరికి అమ్మాయి కాలువగట్టు నుండి గరికమోపుతో ఎదురైనది. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఉన్నది. నన్ను చూచి వాకిట్లోనే ఆగిపోయి, “నాయనా, నువ్వు ముందు లోపలికి పో, నేను పెరటి దోవన వస్తా” అన్నది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.